హత్య నవల రాయాలనుకునేవారు ముందు కేసు ఫైలు రాయాలి

పోలీసుల అవినీతి చుట్టూ తిరిగే హత్యా పరిశోధన నవల రాయడానికి పూనుకున్నవారు సాధారణంగా హంతకుడితోనో, నిజాయతీపరుడైన ఒక ఇన్‌స్పెక్టరుతోనో మొదలుపెడతారు. నా సలహా వేరు. ముందు కేసు ఫైలు తయారుచేసుకోండి. ఎఫ్‌ఐఆర్‌, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు, కేసు డైరీ, ఛార్జిషీటు, ఇవన్నీ మీరు కల్పించిన ఘటనకు సరిపోయేలా, ఒక్కొక్కటి ఒక పేజీకి మించకుండా రాసుకోండి. తర్వాత అదే ఫైలును లంచం తీసుకున్న అధికారి ఎలా రాసి ఉండేవాడో ఊహించి రెండోసారి రాయండి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చదివితే, జరిగినదానికీ రాసినదానికీ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో తెలుస్తుంది. నవలకు కావలసిన కథ ఆ తేడాల్లోనే దొరుకుతుంది. లంచం చేతులు మారిన దృశ్యాన్ని ఎవరైనా రాయగలరు; ఆ లంచం వల్ల కాగితం మీద ఏ మాట మారిందో చూపించగలిగినప్పుడే పాఠకుడికి అవినీతి అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఫైలు మొదలుపెట్టే ముందు కథ జరిగే తేదీ తేల్చుకోవాలి, ఎందుకంటే చట్టం, సరిహద్దులు, కోర్టులు అన్నీ ఆ తేదీని బట్టే ఉంటాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు రోజు వరకు జరిగిన హత్యకు ఐపీసీ 302 సెక్షన్‌, ఆ రోజు నుంచి జరిగిన హత్యకు న్యాయ సంహిత 103 సెక్షన్‌ వర్తిస్తాయి. 2022 ఏప్రిల్‌ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్విభజన జరిగింది కనుక, అంతకు ముందరి కథలో విజయవాడ కృష్ణా జిల్లాలో ఉంటుంది, తర్వాతి కథలో ఎన్టీఆర్‌ జిల్లాలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు 2019 జనవరి 1న విడిగా ఏర్పడింది. అంతకు ముందు ఉమ్మడి హైకోర్టు హైదరాబాదులో ఉండేది కనుక, 2017లో శిక్ష పడిన మీ పాత్ర అప్పీలు కోసం హైదరాబాదు వెళ్లాలి. హోదాలు కూడా చూసుకోవాలి. విజయవాడలో కమిషనరేట్‌ వ్యవస్థ ఉంది కాబట్టి ఇన్‌స్పెక్టరు పైన ఏసీపీ, డీసీపీ, కమిషనర్‌ ఉంటారు. గుంటూరులో డీఎస్పీ, ఎస్పీ ఉంటారు. విజయవాడ కథలో ఎస్పీ గారు వచ్చి మందలించిన దృశ్యం కనిపిస్తే, ఇక్కడి పాఠకుడికి ఆ పేజీ నుంచి రచయిత మీద నమ్మకం పోతుంది.

ఇక శవం. విజయవాడలో కథ నడిపేవారికి నీటిని మించిన వనరు లేదు, అయితే ఆ నీటి సంగతి తెలుసుకుని రాయాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మను ఆపి, ఆ నీటిని ఏలూరు, బందరు, రైవస్‌ కాలువల్లోకి వదులుతారు. ఆ మూడూ నగరం మధ్య నుంచే వెళతాయి. బ్యారేజీకి ఈ వైపు విజయవాడ, ఆ వైపు సీతానగరం, తాడేపల్లి, అంటే గుంటూరు జిల్లా. బందరు కాలువ నగరం దాటి పెనమలూరు మండలంలోకి అడుగుపెడితే మళ్లీ కృష్ణా జిల్లా. రాత్రి కృష్ణలంక వైపు కాలువలో పడిన శవం మర్నాటికి యనమలకుదురు దగ్గర తేలితే, కేసు ఎవరిది? తమ హద్దులో తేలిన శవాన్ని కింది స్టేషను వారు పై స్టేషను వారిదిగా, పై స్టేషను వారు కింది స్టేషను వారిదిగా చెప్పుకుంటూ గంటలు గడిపేయడం కథకు సహజమైన ముడి. చట్టం మాత్రం దీన్ని ఒప్పుకోదు: నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్‌ నమోదుచేసి, తర్వాత సంబంధిత స్టేషనుకు బదిలీ చేయాలని సురక్షా సంహిత 173 సెక్షన్‌ చెబుతోంది. విచారణార్హమైన నేరం బయటపడే ఫిర్యాదు అందితే ఎఫ్‌ఐఆర్‌ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చనిపోయినవాడి తల్లిదండ్రులను రెండు స్టేషన్ల మధ్య తిప్పారంటే, దానికి ఒక కారణం ఉండాలి. ఆ కారణమే మీ మొదటి అధ్యాయం కావచ్చు.

నీళ్లు ఏడాదంతా ఒకేలా పారవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఖరీఫ్‌కు నీరు వదిలాక కాలువలు నిండుగా, వేగంగా ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసిన తర్వాత అక్కడక్కడ మడుగులు తప్ప ప్రవాహం ఉండదు. మే నెలలో బందరు కాలువలో శవం కొన్ని కిలోమీటర్లు కొట్టుకుపోయిందని రాస్తే కథ కూలిపోతుంది. అదే మాట దర్యాప్తు అధికారి తన నివేదికలో రాస్తే, కథ నిలబడుతుంది, ఎందుకంటే లాకుల దగ్గర పనిచేసే మనిషి ఎవరైనా దాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయగలడు. అలాంటి సాక్షిని నవలలో పెట్టుకోండి. పెద్ద చదువు అక్కరలేదు, గేటు ఎప్పుడు ఎత్తారో, ఎప్పుడు దించారో రిజిస్టరులో రాసే మనిషి చాలు.

మరణించిన సమయం విషయంలో మన వాతావరణాన్ని మరచిపోయి రాసే నవలలు చాలా ఉన్నాయి. శవం చల్లబడే తీరును బట్టి గంటలు లెక్కకట్టే పద్ధతి చలి ప్రదేశాలకు బాగా కుదురుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు, బయటి వేడి శరీరపు వేడి కన్నా ఎక్కువగా ఉంటుంది కనుక శవం చల్లబడదు. శరీరం బిగుసుకోవడం సాధారణంగా ఒకటి రెండు గంటల్లో మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్లంతా వ్యాపిస్తుంది. వేసవిలో అది త్వరగా వచ్చి త్వరగా వదిలిపోతుంది. అందువల్ల మీ నవలలోని వైద్యుడు ‘రాత్రి 9 గంటల 20 నిమిషాలకు చనిపోయాడు’ అనకూడదు. ‘పరీక్షకు 12 నుంచి 18 గంటల ముందు’ అన్న తరహాలో ఒక వ్యవధి ఇస్తాడు. ఆ వ్యవధిలోని వెసులుబాటే నిందితుడికి అలిబీ (ఆ సమయంలో వేరే చోట ఉన్నానన్న వాదన) అవుతుంది, లంచం తీసుకున్నవాడికి ఆసరా అవుతుంది. నీటిలో దొరికిన శవమైతే, బతికుండగా మునిగాడా, చంపి పడేశారా అన్నది ప్రధానమైన ప్రశ్న. ముక్కు, నోటి దగ్గర సన్నని నురగ, ఊపిరితిత్తుల ఉబ్బు, ఎముక మజ్జలో డయాటమ్‌ల (నీటిలో ఉండే సూక్ష్మమైన నాచు) పరీక్ష వంటివి దీనికి జవాబు వెతికే మార్గాలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తిరుగులేనిది కాదని కూడా రాయండి.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. హత్య కేసును చెడగొట్టడానికి అన్నింటికన్నా అనువైన సమయం మొదటి రాత్రి. ఫిర్యాదు అందిన సమయం, జనరల్‌ డైరీలో, అంటే స్టేషను రోజువారీ రిజిస్టరులో, నమోదైన సమయం, ఎఫ్‌ఐఆర్‌పై వేసిన సమయం, ఆ ఎఫ్‌ఐఆర్‌ మేజిస్ట్రేటుకు చేరినప్పుడు ఆయన స్వయంగా రాసే సమయం, ఇలా నాలుగు గడియారాలు ఉంటాయి. మొదటి మూడూ స్టేషను చేతిలో ఉంటాయి. నాలుగోది ఉండదు. రాత్రి 8 గంటలకు నమోదైందని చెబుతున్న ఎఫ్‌ఐఆర్‌ మర్నాడు మధ్యాహ్నం గానీ మేజిస్ట్రేటు ఇంటికి చేరలేదంటే, ఈ మధ్యలో ఏదో సలహా సంప్రదింపులు జరిగాయని డిఫెన్స్‌ న్యాయవాది వాదిస్తాడు, ఆ వాదనకు కోర్టులు విలువ ఇచ్చిన సందర్భాలు అనేకం ఉన్నాయి. కాగితం పట్టుకెళ్లే కోర్టు కానిస్టేబుల్‌ మన నవలల్లో దాదాపుగా కనిపించడు. ఆయనకు ఒక అధ్యాయం ఇవ్వండి. ఎందుకు ఆగమన్నారో ఆయనకు తెలుసు, ఎవరు ఆగమన్నారో కూడా తెలుసు, తర్వాత ఎప్పుడో విచారణలో సాక్షి బోనులో ‘బస్సు దొరకలేదు’ అని చెప్పవలసినవాడూ ఆయనే.

ఈ రాత్రిని ఎంత దగ్గరగా చూపించాలో చెప్పడానికి చిన్న నమూనా ఇస్తున్నాను. చనిపోయిన కుర్రవాడి తల్లి బల్ల ముందు నిలబడి ఉంది. రైటరు ఫిర్యాదు రాస్తున్నాడు. ఆమె పేరు చెప్పింది, ఆ మనిషి ఉండే వీధి చెప్పింది, అతను సాయంత్రం ఇంటికి వచ్చి కొడుకును బండి ఎక్కించుకుని వెళ్లాడని చెప్పింది. ‘పేరు రాశావా బాబూ?’ అని అడిగింది. ‘రాశానమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి’ అన్నాడు రైటరు. సిరా అంటిన బొటనవేలిని ఆమె చీర చెంగుకు తుడుచుకుంటోంది. కాగితంలో ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని ఉంది. ఇంతకు మించి ఇక్కడ ఏమీ రాయకండి. రైటరు జేబులో ఏముందో, గదిలో ఇన్‌స్పెక్టరు ఎవరితో ఫోనులో మాట్లాడుతున్నాడో తర్వాత చెప్పవచ్చు. ఫిర్యాదును చదివి వినిపించాలని, ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆ రెండూ జరగలేదన్న విషయాన్ని ఎవరూ పైకి అనకుండానే పాఠకుడు గమనించేలా రాయడంలో మీ నేర్పు తెలుస్తుంది.

తర్వాతి మెట్టు సెక్షన్‌. ఒకే శవాన్ని నాలుగు రకాలుగా కాగితానికి ఎక్కించవచ్చు: హత్యగా, హత్య కిందికి రాని ప్రాణహరణంగా, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణంగా, లేదా సురక్షా సంహిత 194 కింద అనుమానాస్పద మృతిగా. నాలుగోది అన్నింటికన్నా నిశ్శబ్దమైనది. అందులో నిందితుడంటూ ఎవరూ ఉండరు, అరెస్టు ఉండదు, పత్రికల్లో రెండు వాక్యాలు వస్తాయి. పోస్టుమార్టం నివేదిక వచ్చాక సెక్షన్‌ మారుస్తూ కోర్టుకు మెమో పంపవలసిన అధికారి దాన్ని పంపకుండా నెలల తరబడి ‘విసెరా రిపోర్టు రావాలి’ అంటూ కూర్చోవచ్చు. విసెరా నివేదికకు, అంటే శవం లోపలి అవయవాల రసాయన పరీక్షకు, నిజంగానే సమయం పడుతుంది కనుక ఆ మాటను తప్పుపట్టడం కష్టం. అవినీతిని రాసేటప్పుడు ఇలాంటి, సగం నిజమైన సాకులను వెతకండి. పచ్చి అబద్ధం ఆడే పోలీసు కన్నా నియమాన్ని అడ్డుపెట్టుకునే పోలీసు చాలా ప్రమాదకరమైన పాత్ర.

సాక్షుల వాంగ్మూలాల దగ్గర రచయితలకు పెద్దగా తెలియని ఒక సౌలభ్యం ఉంది. పోలీసులు నమోదుచేసే వాంగ్మూలంపై సాక్షి సంతకం తీసుకోకూడదు. ఒత్తిడి చేసి సంతకాలు పెట్టించకుండా కాపాడడానికే ఆ నియమం వచ్చింది. కానీ సాక్షి చెప్పని మాట రాయడానికీ, చెప్పిన మాట వదిలేయడానికీ అదే దారి ఇస్తుంది. ఏడాది రెండేళ్ల తర్వాత కోర్టులో ‘నేను అలా చెప్పలేదు’ అని సాక్షి అన్నప్పుడు, అతను ప్రలోభానికి లొంగి ఎదురుతిరిగాడా, లేక మొదటి నుంచీ నిజమే చెబుతున్నాడా అన్నది పాఠకుడు తేల్చుకోలేని స్థితిలో ఉంచగలిగితే, ఆ అధ్యాయం చాలాకాలం గుర్తుంటుంది. పంచనామాలపై సంతకం చేసే మధ్యవర్తులను కూడా మరచిపోకండి. ఘటనాస్థలాన్ని చూడకుండా స్టేషనులోనే సంతకం పెట్టిన మధ్యవర్తి క్రాస్‌ ఎగ్జామినేషన్‌లో ఆ గదికి తలుపు ఏ వైపు ఉందో చెప్పలేకపోతాడు.

నేరాంగీకారం మీద నవలను ముగించవద్దని గట్టిగా చెబుతాను. పోలీసుల ఎదుట నిందితుడు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. సాక్ష్య అధినియం 23 సెక్షన్‌ ప్రకారం, అతను ఇచ్చిన సమాచారం వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ బయటపడడానికి నేరుగా సంబంధించిన భాగం మాత్రమే సాక్ష్యమవుతుంది. అందుకే మన కేసుల్లో ‘నిందితుడు చూపించిన చోట కత్తి దొరికింది’ అన్న వాక్యానికి అంత ప్రాముఖ్యం. ఆ కత్తి ముందే అక్కడ పెట్టారా? ఎవరు కొన్నారు? ఏ దుకాణంలో? తనిఖీలను, స్వాధీనాలను వీడియో తీయాలని కొత్త చట్టం చెబుతోంది కనుక, ఇప్పటి కథలో ఆ వీడియో ఏ క్షణం నుంచి మొదలైందన్నదే ఒక పెద్ద ఆధారం కావచ్చు. అరెస్టు విషయం కూడా ఇంతే. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి కనుక, మనిషిని ముందే పట్టుకుని ఎక్కడో ఉంచి, తర్వాత తేదీ వేసి అరెస్టు ‘చూపించడం’ జరుగుతుంది. ఆ దాచిన రోజులను నవలలో నిందితుడి భార్య లెక్కపెట్టాలి.

ఈ ఇబ్బందులన్నీ కాగితం మీదివే అనుకునేవారు ఒక నిజమైన కేసును గుర్తు చేసుకోవాలి. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్‌లో విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో అరెస్టయిన యువకుడికి 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. 2018లో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. విడుదలయ్యేనాటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపాడు. రెండు కుటుంబాలు, ఒకటి కూతురిని కోల్పోయి, మరొకటి కొడుకు యవ్వనాన్ని కోల్పోయి మిగిలాయి. మన ప్రాంతంలో ఈ తరహా నవల రాసేవారు ఆ బాధ్యతను మోస్తూ రాయాలి. ఆ కేసును గానీ, మరే నిజమైన కేసును గానీ పేర్లు మార్చి కథగా వాడుకోవద్దు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం నేరం కూడా. కల్పిత స్టేషను, కల్పిత వీధి, కల్పిత అధికారి ఉండాలి. నగరం మాత్రం నిజమైనదే ఉండనివ్వండి.

హత్యకు కారణం ఊరి సొమ్ములో నుంచి పుట్టాలి. గుంటూరులో రాసేవారికి మిర్చి యార్డు ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండల్లా పేరుకునే ఆ ఆవరణలో రైతు, కమీషన్‌ ఏజెంటు, వ్యాపారి, హమాలీ, శీతల గిడ్డంగి యజమాని ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు. పెట్టుబడికి అప్పు ఇచ్చిన ఏజెంటు దగ్గరే రైతు సరుకు అమ్మాలి. గిడ్డంగిలో ఉన్న సరుకు మీద బ్యాంకు రుణం ఇస్తుంది. లేని సరుకుకు రశీదు పుట్టించారన్న విషయం గిడ్డంగి గుమాస్తాకు తెలిస్తే, అతన్ని చంపడానికి కారణం దొరికినట్టే.

అవినీతిపరుడైన ఇన్‌స్పెక్టరును రాసేటప్పుడు అతనికి ఒక గతం ఇవ్వండి. అతను ఆ పోస్టింగు కోసం ఎవరి సిఫార్సు లేఖ తెచ్చుకున్నాడు, ఆ రుణం ఎలా తీర్చుకోవాలి, ఎదురుతిరిగితే వీఆర్‌కో (పోస్టింగు లేకుండా ఎదురుచూసే జాబితా), ప్రాధాన్యం లేని మరో విభాగానికో పంపుతారన్న భయం ఎంత ఉంది, ఇవి తెలియాలి. స్టేషను అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్‌ సింగ్‌ కేసులో ఆదేశించిందంటే, బదిలీ అనే ఆయుధం ఎంత బలమైనదో ఊహించవచ్చు. స్థల వివాదాల్లో పంచాయతీలు, దుకాణాల నుంచి మామూళ్లు తీసుకుంటూ వచ్చిన మనిషి మొదటిసారి హత్య కేసులో చేయి పెట్టడానికి ఒక మెట్టు దాటాలి. ఆ మెట్టు దగ్గర అతను ఆగిన క్షణం నవలలో ఉండాలి. నిజాయతీపరుడైన అధికారికి కూడా పరిమితులు చూపించండి. రాత్రి డ్యూటీలు, ముఖ్యుల బందోబస్తు, చేతిలో ఉన్న పాత కేసుల భారం అతని దర్యాప్తును ఎంత దెబ్బతీస్తాయో రాస్తే, లంచం తీసుకోని స్టేషనులో కూడా న్యాయం ఎందుకు జాప్యమవుతుందో తెలుస్తుంది.

ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) దాడిని రాయదలచుకుంటే పద్ధతి తెలుసుకోండి. ఫిర్యాదుదారు ఇచ్చే నోట్లకు ఫినాల్ఫ్తలీన్‌ పొడి పూస్తారు. నోట్లు అందుకున్న వ్యక్తి చేతులను సోడియం కార్బొనేట్‌ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది. మధ్యవర్తులు ఆ మొత్తం తతంగాన్ని చూసి నివేదికపై సంతకం చేస్తారు. అయితే రంగు మారినంత మాత్రాన శిక్ష పడదు, లంచం అడిగినట్టు కూడా రుజువు కావాలి. ఫిర్యాదుదారు ఎదురుతిరిగినా, చనిపోయినా, ఇతర పరిస్థితుల ఆధారంగా ఆ రుజువు సాధ్యమేనని 2022లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కేసు విజయవాడలోని ఏసీబీ ప్రత్యేక కోర్టుకు వెళుతుంది.

సంభాషణల్లో హోదాల దూరం వినిపించాలి. కానిస్టేబుల్‌ ఎస్సైని ‘సార్‌’ అంటాడు, బయటివారు ‘ఎస్సై గారు’ అంటారు, అదే ఎస్సై వయసులో పెద్దవాడైన కూలిని ‘ఏంరా’ అంటాడు, అతని వెనుక వచ్చిన వ్యాపారిని ‘కూర్చోండి’ అంటాడు. ఈ ఒక్క తేడాతో స్టేషను స్వభావం చెప్పవచ్చు, వర్ణన అవసరం లేదు.

సమాచారం కోసం స్టేషనుకు వెళ్లి అడగడం కన్నా సెషన్స్‌ కోర్టులో కూర్చోవడం మేలు. విచారణ సాధారణంగా బహిరంగంగానే జరుగుతుంది. దర్యాప్తు అధికారిని క్రాస్‌ ఎగ్జామిన్‌ చేసే రోజున వెనుక బల్లపై కూర్చుంటే, ఆయన ఏ ప్రశ్నకు ‘గుర్తు లేదు’ అంటున్నాడో, ఏ ప్రశ్నకు డైరీ తిరగేస్తున్నాడో చూడవచ్చు. తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైటులో దొరుకుతాయి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక, వాటి భాషనూ చదవవచ్చు. హత్య కేసులో నిర్దోషిగా విడుదల చేసిన తీర్పులనే ఎక్కువగా చదవండి. దర్యాప్తు ఎక్కడ విరిగిపోయిందో న్యాయమూర్తి పేరా పేరాకూ చెప్పి ఉంటారు.

రాతప్రతి పూర్తయ్యాక క్రిమినల్‌ కేసులు వాదించే న్యాయవాది ఒకరికీ, పదవీ విరమణ చేసిన హెడ్‌ కానిస్టేబుల్‌ ఒకరికీ ఇచ్చి చదివించండి. న్యాయవాది సెక్షన్లను సరిచేస్తారు. హెడ్‌ కానిస్టేబుల్‌ మాత్రం ఆ రాత్రి స్టేషనులో ఇంకెవరెవరు ఉండి ఉండాలో, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఏ రిజిస్టరు ఎవరు రాస్తారో చెబుతారు. ఆయన చెప్పిన పేర్లను, ఊళ్లను నవలలో పెట్టకండి. రిజిస్టర్ల సంగతి పెట్టండి.